మొదటి వద్దు

వాషింగ్ మెషిన్ వెనక పైపు ఊడిపోవడంతో ఇదంతా మొదలైంది. ముగ్గురమూ ఉద్యోగాలకి పోయిన పూట చూసుకుని మరీ ఊడింది. సాయంత్రం నేను తాళం తీసేసరికి హాల్లో చెప్పులు తేలుతున్నాయి. వారం తిరిగేలోగా హాల్లోనూ వంటింట్లోనూ తమ్ముడి గదిలోనూ ఉన్న చెక్కపలకలు నీళ్ళు తాగి ఉబ్బిపోయి, అంచులు లేచి, కాలు పెడితే టకటకమని కొట్టుకోవడం మొదలెట్టాయి. నడవా చివర ఉన్న నా గదికి మాత్రం ఏమీ కాలేదు. నీళ్ళు నడవా చివరిదాకా వచ్చి నా తలుపు ముందు ఆగిపోయాయి. మా ఇంటి నీళ్ళు కదా, పిలవకుండా లోపలికి రావడం బాగుండదనుకున్నాయేమో.

ఇంట్లో ఉండేది నేనూ, తమ్ముడూ, మరదలూ. అమ్మా నాన్నా పోయేముందు ఇల్లు మా అక్కాతమ్ముళ్ళ పేర రాసి పోయారు. నేను పెద్ద ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. "ఊపిరి బిగపట్టండి, కదలకండి, ఇక వదలండి" అని పొద్దుట్నుంచీ సాయంత్రందాకా చెప్పడమే నా ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు ఈమధ్య తగ్గిపోయారు, వయసు మీదపడ్డంలో ఉన్న సుఖం అదొక్కటే. తమ్ముడు ఒక బీమా కంపెనీలో మేనేజరు. మరదలు బళ్ళో లెక్కలు చెబుతుంది. పేచీలూ గొడవలూ మా ఇంట్లో లేవు. పక్కింటివాళ్ళు మమ్మల్ని చూసి నేర్చుకోమని వాళ్ళ పిల్లలకి చెబుతుంటారు. పాపం పిల్లలు.

మా ఇంట్లో 'వద్దు' అనే మాటకి ఒక పద్ధతి ఉంది. అమ్మ నేర్పింది. ఎవరింటికైనా వెళ్తే, వాళ్ళు పెట్టేది మొదటిసారి వద్దనాలి. అది మర్యాద. రెండోసారి అడిగితే ఇంకాస్త మెత్తగా వద్దనాలి. అది అభిమానం. మూడోసారి అడిగితే 'మీరింతగా అంటున్నారు కాబట్టి' అని తీసుకోవాలి. ఆకలి మొదట్నుంచీ ఉంటుంది, అది వేరే సంగతి. మొదటిసారే చెయ్యి చాపితే ఇంటికొచ్చాక అమ్మ తొడపాశం పెట్టేది. నాకూ పెట్టింది, తమ్ముడికీ పెట్టింది. వాడికి గుర్తులేదంటే నేను నమ్మను.

కానీ కిందటేడు ఆఫీసువాళ్ళు వాణ్ణి ఒక హోటల్లో కూర్చోబెట్టి శిక్షణ ఇప్పించారు. ఎదుటివాళ్ళ మాటని మాటగానే తీసుకోవాలట. వద్దంటే వద్దనే అర్థమట. మళ్ళీ మళ్ళీ అడగడమంటే ఎదుటి మనిషికి తన మనసు తనకి తెలీదని అనడమేనట. మెళ్ళో బిళ్ళ తగిలించుకుని వచ్చి ఇదంతా మాకు వల్లించాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాడి చేత్తో ఎవరికీ రెండో కప్పు టీ దక్కలేదు.

సరే, కొత్త ఫ్లోరింగ్ వేయించాలని అనుకున్నాం. ఆదివారం ముగ్గురం కలిసి షాపుకెళ్ళాం. షాపంటే చిన్నది కాదు, లోపల గోడలకి పలకలే, నేల మీద పలకలే, షాపతను కూర్చున్న బల్ల మీదా పలకలే. అతను నవ్వుతూ ఒక పలక ముక్క తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"ఇది చెక్క కాదండీ. రాయీ కాదు. టైలూ కాదు."

"మరేంటి?" అన్నాను.

"లగ్జరీ వినైల్ ప్లాంక్."

"అంటే ప్లాస్టిక్ కదా."

"లగ్జరీ" అన్నాడు నొచ్చుకుని.

ఆ మాట అన్నాక అతను ఊరుకోలేదు. పలక మీద గ్లాసెడు నీళ్ళు పోశాడు. తాళంచెవి తీసి బరబరా గీకాడు. చక్రాల కుర్చీ తెచ్చి దాని మీద ముందుకీ వెనక్కీ ఊగాడు. "మీ ఇల్లు మునిగినా దీనికేం కాదు" అని మాటిచ్చాడు. మేం మునిగితే ఏమవుతుందో చెప్పలేదు. మరదలు లెక్కల టీచరు కాబట్టి పైన అరగని పొర ఎంత మందమో, పలకకీ పలకకీ పట్టు ఎలా కుదురుతుందో అడిగి తెలుసుకుంది. అతను రెండు పలకలు తీసుకుని, ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో వాలుగా పెట్టి, కిందికి నొక్కాడు. క్లిక్‌మని కూర్చుంది. జిగురక్కర్లేదు, మేకులక్కర్లేదు. ఒకటి ఇంకోదాన్ని పట్టుకుని ఉంటుంది, అంతే. నాకు ముచ్చటేసింది. మనుషులక్కూడా ఇలాంటి గాడి పెట్టి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను.

రంగు దగ్గర మా మంచితనం బయటపడింది. నాకు తేనె రంగు నచ్చింది. మరదలి చెయ్యేమో బూడిద రంగు పలక మీద ఉంది.

"నీకు నచ్చింది తీసుకోమ్మా" అన్నాను.

"అయ్యో, మీ ఇష్టం వదినా. నాకేదైనా ఒకటే."

"రోజూ తుడిచేదానివి నువ్వు. నువ్వే చెప్పు."

"మీ కళ్ళకి హాయిగా ఉండాలి కదా. మీరే చెప్పండి."

షాపతను ఒకసారి ఆమెనీ ఒకసారి నన్నూ చూసి, తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు ఫోన్లో ఎవరెవరో రాసిన అభిప్రాయాలు చదువుకుంటున్నాడు. చివరికి షాపతనే జాలిపడి మధ్యస్థంగా ఉన్నదొకటి తీశాడు. దాని పేరు ఉతికిన ఇసుక. ఇసుకని ఎవరు ఉతుకుతారో నాకు తెలీదు. నాకది ఏమాత్రం నచ్చలేదు. "చాలా బాగుంది" అన్నాను. "భలే ఉంది వదినా" అంది మరదలు. అదే ఖాయమైంది.

అప్పుడు షాపతను కాగితం ముందుకు లాక్కుని ఎన్ని గదులని అడిగాడు. తమ్ముడు లెక్కచెప్పాడు. హాలు, వంటిల్లు, తమ పడకగది, నడవా. అక్కడాగి నా వైపు తిరిగాడు.

"అక్కా, నీ గదికి కూడా వేయిద్దామా?"

నా గదిలో ఉన్నవి ఇల్లు కట్టినప్పటి టైల్సు. మూలల్లో పెచ్చులూడాయి. చలికాలం పాదం పెడితే జివ్వున లాగుతాయి. ఎక్స్‌రే గదిలో రోజంతా నిలబడి వచ్చే కాళ్ళవి. కావాలా అంటే, కావాలి. ఎంత కావాలంటే, ఆ షాపులోకి అడుగుపెట్టినప్పట్నుంచీ ఉతికిన ఇసుక మీద నా మంచం ఎటు వేసుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

"నాకెందుకురా, వద్దులే. నా గది బాగానే ఉంది కదా" అన్నాను.

"సరే" అన్నాడు తమ్ముడు. అనేసి షాపతనితో "ఆ గది వదిలెయ్యండి. తలుపు దగ్గర ఆపేద్దాం" అన్నాడు.

"అయితే అక్కడ మెటల్ పట్టీ వేస్తాం సార్. నీట్‌గా ఉంటుంది" అన్నాడు షాపతను.

నేను తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను. రెండోసారి అడుగుతాడని చూశాను. బిల్లు కాగితం మడిచి జేబులో పెట్టుకునేటప్పుడు అడుగుతాడనుకున్నాను. కారు దగ్గర అడుగుతాడనుకున్నాను. కారులో ముందు సీట్లో కూర్చుని, ఆ షాపు పార్కింగు ఎంత ఇరుగ్గా ఉందో చెప్పాడు.

నాకు ఒళ్ళు మండింది. నా ఇంట్లో, నా పేరున్న ఇంట్లో, నా గదికి రెండోసారి అడిగేంత విలువ కూడా లేదా? మెటల్ పట్టీ అట. గీత గీసినట్టు. ఇటు పక్క వాళ్ళ ఇల్లు, అటు పక్క ఎవరో పాత టైల్సు మీద కాపురముంటున్న ఒక మనిషి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అంతకు కొన్నాళ్ళ ముందు మా పెద్ద డాక్టరుగారు నన్ను తన గదికి పిలిచారు. ఎక్స్‌రే విభాగమంతా ఆయన కిందే. మా ఆసుపత్రివాళ్ళు వేరే ఊళ్ళో కొత్తది కట్టారు. రాత్రి రైలెక్కితే పొద్దున్న దిగే ఊరు. అక్కడ ఎక్స్‌రే విభాగానికి హెడ్‌గా వెళ్తారా, క్వార్టర్స్ కూడా ఇస్తాం అని అడిగారు. నేను వద్దన్నాను. నిజంగానే వద్దన్నాను. నాకా ఊరు తెలీదు, ఆ ఊరికి నేను తెలీదు. ఇక్కడ నా తమ్ముడున్నాడు, నా మరదలుంది, తలుపు తీస్తే అలవాటైన కూర వాసన వస్తుంది. డాక్టరుగారు పాతకాలం మనిషి. "తొందరేం లేదమ్మా, ఆలోచించుకోండి, మళ్ళీ అడుగుతాను" అన్నారు.

షాపు నుంచి వచ్చిన ఆ సాయంత్రం నా మంచం మీద కూర్చుని ఒక తీర్మానం చేసుకున్నాను. ఆ పలకలు నా గదిలోకి వస్తే ఇక్కడే ఉంటాను. తలుపు దగ్గర ఆగిపోతే ఆ ఊరు పోతాను. ఇన్నేళ్ళు బతికిన మనిషి తన బతుకుని ప్లాస్టిక్ పలకల చేతిలో పెట్టడం తెలివితక్కువే. కానీ నాకు కావలసింది ప్లాస్టిక్ కాదు. ఈ గది కూడా ఇంట్లోదే అని ఎవరో ఒకరు నోరు తెరిచి అనాలి. నాకు నేనుగా అడిగితే అది అడుక్కోవడం అవుతుంది. వాళ్ళు అంటే అది ప్రేమ అవుతుంది. నా లెక్క అది.

పనివాళ్ళు రావడానికింకా టైముంది. నేను ఎదురుచూశాను. ఊరికే చూడలేదు, నా వంతు సాయం నేనూ చేశాను. పొద్దున్నే గదిలోంచి వస్తూ "అబ్బ, ఈ నేల ఐసుగడ్డలా ఉంది" అన్నాను. తమ్ముడు "మందపాటి సాక్సులు కొనుక్కో అక్కా" అన్నాడు. షాపతను ఇచ్చిన శాంపిల్ పలకని తెచ్చి నా మంచం పక్కన, అందరికీ కనపడేలా నేల మీద పెట్టాను. సాయంత్రం వచ్చేసరికి మరదలు దాన్ని తీసి తుడిచి హాల్లో బీరువా మీద పెట్టింది. "మీ గదిలోకి ఎలా వచ్చిందో వదినా, కాలికి తగులుతుందని తీశాను" అంది.

ఒకరోజు వంటింట్లో కూర తరుగుతూ, తల ఎత్తకుండా ఆమే అడిగింది.

"వదినా, మీ గది అలాగే ఉంచెయ్యమంటారా?"

ఇది రెండోసారి అడగడమేనా? అడిగింది మరదలు, తమ్ముడు కాదు. లెక్కలోకి వస్తుందా? పైగా ఆ ప్రశ్న చూడండి. 'వేయించమంటారా' అనలేదు, 'ఉంచెయ్యమంటారా' అంది. జవాబు ఏదో ప్రశ్నలోనే పెట్టి ఇచ్చింది. అలాంటి ప్రశ్నకి కాదు అంటే ఎంత ఆశపోతునో అనుకోదూ? సరే, రెండో వద్దు మెత్తగా అనాలి కదా, మెత్తగానే అన్నాను.

"ఉంచెయ్యమ్మా. నా ఒక్కదానికి ఎందుకు ఆర్భాటం."

కత్తి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ తరగడం మొదలైంది. ఇక మూడోసారి కోసం నేను వంటింట్లోనే నిలబడి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను. ఆమె కూర పొయ్యి మీద పెట్టి, మూత పెట్టి, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకోడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు డాక్టరుగారు నన్ను వరండాలో ఆపి రెండోసారి అడిగారు. వద్దన్నాను, ఈసారి ఎందుకో కాస్త మెత్తగా వచ్చింది. రెండు రోజులాగి మూడోసారి పిలిచారు. కుర్చీ చూపించి, కూర్చోబెట్టి, టీ తెప్పించారు. "మీలాంటివాళ్ళు వెళ్తేనే అక్కడ పని నిలబడుతుంది. నా మాట కాదనకండి" అన్నారు. చూశారా, పరాయి మనిషి. నా తొడబుట్టినవాడికి లేని ఓపిక ఆయనకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీరింతగా అంటున్నారు కాబట్టి, వెళ్తానండీ" అన్నాను. ఆయనకి ఎంత సంతోషమో. సోమవారం ఆర్డరు మీద సంతకం పెడతానన్నారు.

ఇంట్లో భోజనాల దగ్గర చెప్పాను. కొత్త ఆసుపత్రి, హెడ్ పోస్టు, క్వార్టర్స్, అన్నీ చెప్పాను. గొంతు ఎక్కడా వణకలేదు. చెప్పి, కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడంటాడు, 'పిచ్చా నీకు, మమ్మల్నొదిలి ఎక్కడికి పోతావు' అని. ఇప్పుడంటాడు.

తమ్ముడు ముద్ద మింగాడు. మంచినీళ్ళు తాగాడు.

"అక్కా, నీ నిర్ణయాన్ని నేను గౌరవిస్తున్నాను" అన్నాడు.

కంచం తీసి నెత్తిన కొట్టాలనిపించింది. మరదలు లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడయ్యాయి. తమ్ముడి కళ్ళు ఎర్రబడ్డాయని అనిపించింది గానీ, కూరలో కారం ఎక్కువైందన్నాడు. వాడి మాటని నేనూ మాటగానే తీసుకున్నాను.

పని శనివారం మొదలైంది. తమ్ముడు ఆఫీసుకెళ్ళాడు. నాకు సెలవు, మరదలికి బడి లేదు. ఫ్లోరింగ్ వేసే ఆయన వచ్చి పాత పలకలన్నీ పీకి బయట పడేశాడు. పలచటి ఫోమ్ పరిచి, గోడ వారంట చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు పెట్టుకుంటూ వచ్చాడు. ఎండకి పలకలు సాగుతాయట, గోడకీ వాటికీ మధ్య కాస్త సందు ఉండాలట. మోకాళ్ళ మీద పాకుతూ రబ్బరు సుత్తితో ఒక్కొక్క పలకనీ తట్టి కూర్చోబెడుతుంటే, హాలు గంటగంటకీ మారిపోయింది. చెప్పకూడదు గానీ, ఉతికిన ఇసుక బాగుంది. షాపులో నచ్చనిది ఇంట్లో నచ్చింది. వెళ్ళిపోయేదాన్ని కదా, అందుకే నచ్చి ఉంటుంది.

మధ్యాహ్నానికి పని నడవాలోకి వచ్చింది. నేను నా గదిలో సూట్‌కేసు తెరిచి చీరలు సర్దుతున్నాను. సుత్తి చప్పుడు దగ్గరవుతోంది. నా తలుపు దాకా వచ్చి ఆగింది. ఇక మెటల్ పట్టీ వేస్తాడని గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాను. ఏదైనా కళ్ళారా చూస్తే సగం బాధ పోతుందంటారు కదా, మా ఎక్స్‌రే గదిలో నేనే చాలామందికి చెప్పాను.

ఆయన పట్టీ తియ్యలేదు. తలుపు అడుగున వేలు పెట్టి చూసి, "ఈ తలుపు కింద కాస్త కొయ్యాలమ్మా. సామాను ఒక పక్కకి జరిపితే, పెచ్చులూడిన చోట పుట్టీ పూసి, టైల్సు మీదే వేసేస్తాను" అన్నాడు.

"ఈ గదికి లేదు బాబూ. ఇక్కడ ఆపెయ్యాలి, పట్టీ వెయ్యాలి."

"పట్టీ పంపలేదమ్మా. ఈ గదికి కూడా సరిపడా పెట్టెలు పంపారు. ఫోన్ చేసి కలిపించారట."

"ఎవరు?"

ఆయన వేలు తన వెనక్కి చూపించింది. నడవాలో, చేతిలో టీ గ్లాసుతో మరదలు నిలబడి ఉంది. పరీక్షలో చూచి రాస్తూ దొరికిపోయిన పిల్లలా ఉంది ఆమె మొహం.

"నువ్వా?" అన్నాను.

"షాపు నుంచి వచ్చిన మర్నాడే ఫోన్ చేశాను వదినా."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? ఆయన అడిగితే వద్దన్నారు. వంటింట్లో నేను అడిగితే ఉంచెయ్యమన్నారు. మీకు ఇష్టం లేని పని మీ గదిలో నేనెలా చేయిస్తాను? మీరు నోరు తెరిచి ఒక్కసారి అంటారేమో, అప్పుడు 'ఇదిగో, తెప్పించే ఉంచాను' అందామని చూశాను. ఇంతలో వెళ్ళిపోతున్నానన్నారు. వెళ్ళాలనుకునేవాళ్ళ కాళ్ళకి అడ్డం పడినట్టు ఉంటుందని నోరు మూసుకున్నాను. పెట్టెలు వెనక్కి పంపడానికీ మనసొప్పలేదు."

"నువ్వు ఉంచెయ్యమంటారా అన్నావు. వేయించమంటారా అని ఉంటే..."

"వేయించమంటారా అంటే మీ గది బాగాలేదన్నట్టు ఉంటుంది కదా వదినా!"

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు. ఆమెకి మాత్రం తెలిసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "నాకు ఆ రంగు కూడా ఇష్టం లేదు. తేనె రంగు కావాలనుకున్నాను. బూడిద రంగు పలకకి దుమ్ముంటే తుడుస్తున్నాను, అంతే" అంది ఏడుస్తూనే.

ఫ్లోరింగ్ ఆయన మోకాళ్ళ మీద కూర్చుని సుత్తి కింద పెట్టాడు. ఆయన పని ఆగిపోయింది, మొహం మీద విసుగు కనపడుతోంది. "అమ్మా, ఇంతకీ ఆపాలా, వెయ్యాలా?" అన్నాడు.

మరదలు నా వైపు చూసింది. అది నేను చెప్పాల్సిన మాట. మీ ఇష్టం అని నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగాను. ఎంత కష్టమైందో చెప్పలేను, మాత్ర నీళ్ళు లేకుండా మింగినట్టు.

"వెయ్యి" అన్నాను.

"వెళ్ళేవాళ్ళకి ఎందుకు వదినా?" అంది మరదలు.

"నాకు వెళ్ళాలని లేదు. ఎప్పుడూ లేదు. మీరు ఉండమంటారని చూశాను."

ఆమె టీ గ్లాసు కొత్త పలకల మీద పెట్టేసి నా చెయ్యి పట్టుకుంది. "వెంటనే ఫోన్ చెయ్యండి. సోమవారం దాకా ఆగకండి" అంది. ఉండమని ఆమె ఇప్పటికీ అనలేదు. కానీ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాజులు నొక్కుకుని ఎర్రగా అచ్చులు పడ్డాయి.

గుమ్మంలోనే నిలబడి డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఇంత వయసొచ్చాక నా నోటితో ఒక నిజమైన వద్దు అనబోతున్నానని, మాటలు ముందే కూడబలుక్కున్నాను.

"డాక్టరుగారూ, నేను ఆ ఊరు వెళ్ళడం లేదండీ. నాకా పోస్టు వద్దు."

ఆయన హాయిగా నవ్వారు. "తెలుసమ్మా. మీరు మొదట ఎప్పుడూ ఇలాగే అంటారు."

"కాదండీ, ఇది నిజంగా. వద్దండీ."

"మీ మొహమాటం నాకు తెలీదా? అర్హత ఉన్నవాళ్ళే ఇలా వెనక్కి తగ్గుతారు. ఏం సందేహించకండి. మీకంటే ఎవరూ లేరు."

"డాక్టరుగారూ, వద్దంటే వద్దండీ."

"మూడోది కూడా అయిపోయింది" అన్నారు ఆయన ఇంకా నవ్వుతూ. "ఇక ఒప్పుకున్నట్టే. సోమవారం కాగితం ఇస్తాను."

ఇన్నేళ్ళుగా ఉన్నదానికీ లేనిదానికీ వద్దు వద్దు అంటూ ఆ మాటని అరగదీసేశాను. ఇప్పుడు అవసరమొచ్చి వాడితే అందులో ఏమీ మిగల్లేదు. నా పద్ధతి పూర్తిగా తెలిసిన మనిషి లోకంలో ఒక్కడు దొరికాడు, ఆయనే నన్ను ఇంట్లోంచి పంపించేస్తున్నాడు. ఏడుపు ఆగక ఫోన్లోనే ముక్కు ఎగబీల్చాను.

అటు నవ్వు ఆగింది.

"అమ్మా? ఏడుస్తున్నారా?"

"లేదండీ" అన్నాను. "అబ్బే. అలాంటిదేం లేదు."

ఆ లేదు కూడా ఆయన నమ్మలేదు. ఎక్స్‌రే చూసి రోగికి సంగతి చెప్పేటప్పుడు వాడే గొంతుతో, "ఇంట్లోనే ఉండాలని ఉందా మీకు?" అని అడిగారు.

నాకు అమ్మ గుర్తొచ్చింది. మొదటిసారి అడిగినప్పుడే చెయ్యి చాపకూడదు.

"ఉందండీ" అన్నాను. "చాలా ఉంది."

"అయితే ఉండండి. ఆ పోస్టుకి ఇంకెవరినైనా చూస్తాను. మళ్ళీ మాత్రం రాదమ్మా అది."

"రాకపోయినా ఫర్వాలేదండీ."

ఫోన్ పెట్టేశాక కొంగుతో మొహం తుడుచుకున్నాను. మరదలు అప్పటికే తమ్ముడికి ఫోన్ కలిపి, నడవా అవతలి కొసన నిలబడి వాణ్ణి ఎడాపెడా తిడుతోంది. పెళ్ళయ్యాక ఆమె గొంతు అంత పెద్దగా విన్నది అదే మొదటిసారి. పక్కింటి పిల్లలు కూడా వినే ఉంటారు.

"అమ్మా" అన్నాడు ఫ్లోరింగ్ ఆయన. "మీరు నిలబడ్డ చోటే వెయ్యాలి. కాస్త జరగండి."

కింద చూసుకున్నాను. ఒక కాలు పాత టైలు మీద ఉంది, ఇంకోటి కొత్త పలక మీద ఉంది.

"ఎటు జరగమంటావు బాబూ?" అన్నాను.

"లోపలికమ్మా" అన్నాడు. "మీ గదే కదా."